పిల్లల పేజీలో ఆ ఈకల టోపీ

సంపాదకులకు నమస్కారం.

అమెరికాకు 250 ఏళ్లు నిండిన సందర్భంగా మొన్న మీ పిల్లల పేజీలో ఒక వ్యాసం వేశారు. పక్కన రంగుల బొమ్మ. సముద్రం ఒడ్డున తల నిండా ఈకలు పెట్టుకున్న నాయకుడొకడు, మేఫ్లవర్ ఓడ దిగుతున్న తెల్లవాళ్లకు వంగి స్వాగతం చెబుతున్నాడు. వెనకాల శంకువుల్లాంటి గుడారాలు. కింద నాలుగు పేరాలు. 1492లో కొలంబస్ కనుక్కున్నాడు, అప్పటిదాకా అదంతా అడవి, రెడ్ ఇండియన్లు వేటాడుకుని బతికేవారు, ఆంగ్లేయులు వచ్చి ఊళ్లు కట్టారు, టీ పెట్టెలు సముద్రంలో పారేశారు, 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల కోసం అని పైన రాశారు.

తప్పులెన్నడానికి కూర్చున్నానని అనుకోకండి. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. ఈ పాఠాన్ని నేనూ ఇలాగే చెప్పాను. నేను "కొలంబస్?" అంటే క్లాసంతా "1492!" అని ఒక్క గొంతుతో అరిచేది. ఆ అరుపుకి పక్క క్లాసు లెక్కల మాస్టారు లేచి తలుపు వేసుకునేవారు. పిల్లలకు పాఠం వచ్చేసిందని నాకు మహా ధీమా. నిరుడు మా మనవరాలు ఆ ధీమా కాస్తా దించేసింది.

మా అమ్మాయి వాళ్లుండేది వర్జీనియాలో, రిచ్‌మండ్ ఊరి బయట. నిరుడు ఆగస్టులో వెళ్లి ఈ ఫిబ్రవరి మొదట్లో వచ్చాను. మనవరాలు అప్పుడే ఆరో తరగతిలోకి, అంటే వాళ్ల మిడిల్ స్కూల్లోకి వచ్చింది. ఆ ఏడాదంతా 1865 దాకా అమెరికా చరిత్రే. హోంవర్కు దగ్గర పక్కన కూర్చుని, మనకు తెలిసిన సబ్జెక్టే కదా అని, "ఈ రెడ్ ఇండియన్లు..." అని మొదలుపెట్టాను. పిల్ల పెన్సిల్ కింద పెట్టేసింది.

"అమ్మమ్మా, అలా అనకూడదు. ఏ తెగవాళ్లో ఆ పేరు చెప్పాలి. ఇక్కడివాళ్లు పౌహాటన్లు."

"మరి ఇండియన్స్ అంటే ఎవరే?"

"మనం!"

దారి తప్పిన నావికుడొకడు ఐదొందల ఏళ్ల కిందట చేసిన పొరపాటు మా డైనింగ్ టేబుల్ మీదకొచ్చి కూర్చుంది. ఆయన దిగింది బహామా దీవుల్లో. తర్వాత ఇంకో మూడుసార్లు ఓడలేసుకుని వెళ్లినా, ఇప్పటి యునైటెడ్ స్టేట్స్ ప్రధాన భూభాగం మీద ఆయన కాలే పెట్టలేదు.

ముందు మీ బొమ్మ సంగతి. వీపు దాకా వేలాడే ఆ ఈకల కిరీటం, ఆ గుడారాలు మైదాన ప్రాంతాల తెగలవి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మేఫ్లవర్ 102 మంది ప్రయాణికులతో 1620లో ఆగింది తూర్పు తీరంలో, వాంపనోగ్ అనే తెగవాళ్ల దేశంలో. వాళ్ల ఇళ్లు లేత కొమ్మలు వంచి, పైన చెట్టు బెరడో తుంగచాపలో కప్పిన గుండ్రటి ఇళ్లు. రాజరాజనరేంద్రుడి బొమ్మకు పంజాబీ తలపాగా చుడితే మనం ఊరుకుంటామా?

ఇక ఆంగ్లేయులు వచ్చి ఊళ్లు కట్టారన్న మాట. మేఫ్లవర్ వాళ్లు ప్లిమత్ అనే ఊరు కట్టిన చోట అంతకుముందే పటుక్సెట్ అనే ఊరుండేది. ఆ ఊరివాడు టిస్క్వాంటమ్. స్క్వాంటో అంటారు. 1614లో ఒక ఇంగ్లిష్ కెప్టెన్ అతన్ని ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మబోయాడు. అక్కణ్నుంచి ఎలాగో లండన్ చేరి, ఇంగ్లిష్ నేర్చుకుని, 1619లో సొంతూరికి తిరిగొచ్చాడు. వచ్చి చూస్తే ఊళ్లో ఒక్క మనిషి లేడు. ఓడలవాళ్ల వెంట వచ్చిన జబ్బులకు ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. మరుసటి ఏడాది మేఫ్లవర్ వాళ్లొచ్చి ఆ ఖాళీ పొలాల మీదే ఇళ్లు వేసుకున్నారు. మొదటి చలికాలం గడిచేసరికి వాళ్లలోనూ దాదాపు సగం మంది పోయారు. మిగిలినవాళ్లకు గుంటలో చేప వేసి మొక్కజొన్న విత్తడం ఇంగ్లిష్‌లో చెప్పి నేర్పింది ఈ టిస్క్వాంటమే. 1621లో పంట ఇంటికొచ్చాక మూడు రోజులు విందు చేసుకుంటే, మస్ససాయిట్ అనే నాయకుడి వెంట 90 మంది వాంపనోగ్‌లు వచ్చారు. ఐదు జింకల్ని వేటాడి తెచ్చారు. నవంబర్‌లో వాళ్లు చేసుకునే థ్యాంక్స్‌గివింగ్ పండగ కథకు మూలం అదే. మీ నాలుగు పేరాల్లో ఈ ఒక్క మనిషి కథ ఉంటే చాలు, పన్నెండేళ్ల పిల్లవాడు పేజీ వదలడు.

సెప్టెంబర్ మొదట్లో వాళ్లకు లాంగ్ వీకెండ్ వస్తే జేమ్స్‌టౌన్ తీసుకెళ్లారు. ఆంగ్లేయులు అమెరికాలో నిలదొక్కుకున్న మొదటి ఊరు అది. 1607లో 104 మంది మగవాళ్లు, కుర్రాళ్లు దిగారు. 1609-10 చలికాలాన్ని వాళ్ల చరిత్రలో ఆకలి కాలం అంటారు. మూడొందల మంది దాకా ఉంటే వసంతానికి అరవై మంది మిగిలారు. అప్పటి పౌహాటన్ ఊరు ఎలా ఉండేదో అక్కడి మ్యూజియంలో మళ్లీ కట్టి చూపిస్తున్నారు. నేను అన్నీ ఊరికే చూసుకుంటూ వెళ్తున్నా. ఒక చోట కాళ్లు ఆగిపోయాయి. నడుం ఎత్తు మొద్దు. మధ్యలో తొలిచిన గుంట. అందులో నిలువెత్తు కర్ర. మొక్కజొన్న గింజలు దంచే రోలూ రోకలీ!

అక్కడున్న అమ్మాయి "చేసి చూస్తారా" అంది. రోకలి ఎత్తాను. చేతుల్లోంచి ఇంకా పోలేదు ఆ పని. మా అత్తగారింట్లో వడ్లు దంచిన చేతులవి. నాలుగు పోట్లు పడేసరికి గింజ పగిలి తెల్లటి పిండి అంచుకు ఎగిరింది. పొట్టు ఒక పక్క, నూక ఒక పక్క. "అమ్మమ్మా, నీకిది ఎలా వచ్చు?" అని మనవరాలు నోరు తెరిచింది. అప్పటిదాకా దాని దృష్టిలో నేను మైక్రోవేవ్ బటన్లు తెలియని మనిషిని.

అడవి, వేట అని మనం ఒక్క ముక్కలో తేల్చేసినవాళ్లు వ్యవసాయదారులండీ. మొక్కజొన్న, చిక్కుడు జాతి గింజలు, గుమ్మడి మూడూ ఒకే చోట కలిపి వేసేవారు. చిక్కుడు తీగ మొక్కజొన్నను పట్టుకుని పాకుతుంది, నేలకు బలమిస్తుంది. గుమ్మడాకు నేలను కప్పి తడి ఆరకుండా, కలుపు లేవకుండా చూస్తుంది. ముగ్గురు అక్కచెల్లెళ్లు అని వాటికి పేరు. జొన్నలో కంది వేసే మన రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంకా లోపలికి, మిసిసిపీ నది దగ్గర కహోకియా అని పెద్ద పట్టణమే ఉండేది. ఇక్కడ నన్నయగారు భారతం తెనిగిస్తున్న శతాబ్దంలో అక్కడ పదివేలకు తక్కువ కాకుండా జనం ఉన్నారు. వాళ్లు పోసిన మట్టిదిబ్బ ఒకటి ఇప్పటికీ వంద అడుగుల ఎత్తున నిలిచి ఉంది. అది నా పాఠంలోనూ లేదు. నాకు తెలిస్తేగా!

పేర్లు చూసినా చాలు. మసాచుసెట్స్, కనెక్టికట్, ఒహాయో, మిసిసిపీ, డకోటా అన్నీ అక్కడివాళ్ల మాటలే. రాష్ట్రాల పేర్లలో సగం దాకా వాళ్లవే. మా అమ్మాయి ఇంటి చెత్తడబ్బా రాత్రిపూట దొర్లించి పోయే రకూన్ అనే జంతువు పేరు పౌహాటన్ భాషది. అలాగని అన్నీ వాళ్లవే కావు. ఇంగ్లిష్‌వాళ్లు 1664లో లాక్కోకముందు న్యూయార్క్ డచ్చివాళ్ల న్యూ ఆమ్‌స్టర్‌డామ్. కుకీ అన్న మాట వాళ్ల నుంచి వచ్చింది. మన ఆఫీసుల్లో రోజుకు పదిసార్లు వినిపించే 'బాస్' కూడా ఆ డచ్చి మాటే. పిల్లలకు ఇలాంటివి నాలుగు చెప్పండి, మిగతావి వాళ్లే వెతుక్కుంటారు.

మర్నాడు యార్క్‌టౌన్. అక్కడి మ్యూజియం పక్కన పాతకాలపు పొలం ఒకటుంది. అందులో చెక్కల కొట్టం. లోపలికి తల పెట్టానో లేదో వాసన కొట్టింది. మాది టంగుటూరు దగ్గర పల్లెటూరు. ఆ వాసనలో పుట్టి పెరిగాను. పైన కర్రల మీద పొగాకు వేలాడదీసి ఉంది. మనం ఆకుకు ఆకు కోసి కర్రలకు కడతాం, వాళ్లు మొక్కకు మొక్కే కోసి తలకిందులుగా వేలాడదీశారు. మనకు ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో మంట, వాళ్లకు అప్పట్లో గాలి. తేడా అంతే. మా నాన్న జీవితమంతా 'వర్జీనియా' అంటే పొగాకు రకం పేరే. అది ఒక రాష్ట్రం పేరని కూడా ఆయనకు పట్టింపు లేదు. "ఈసారి వర్జీనియాకు రేటు లేదు" అంటూ మండె దగ్గర కూర్చుండేవారు. నేను ఆ వర్జీనియాలో నిలబడి ఉన్నాను.

జేమ్స్‌టౌన్ నిలబడింది ఆ ఆకు మీదే. 1612 ప్రాంతంలో జాన్ రాల్ఫ్ అనేవాడు కరీబియన్ వైపు విత్తనం తెప్పించి వేశాడు. లండన్‌లో దానికి గిరాకీ పుట్టింది. ఇక వీధుల్లో కూడా పొగాకే నాటారు. పౌహాటన్ పెద్ద నాయకుడి కూతురు పోకహాంటస్‌ను 1614లో పెళ్లి చేసుకున్నది ఈ రాల్ఫే. కార్టూన్ సినిమాలో ఆమె ప్రేమించినట్టు చూపే జేమ్స్‌టౌన్ కెప్టెన్ జాన్ స్మిత్ వచ్చేనాటికి ఆమెకు పదకొండేళ్లుంటాయి, మా మనవరాలి ఈడు. ఇంగ్లండ్ తీసుకెళ్తే 1617లో అక్కడే పోయింది. పొగాకుకు భూమి కావాలి, అది పౌహాటన్ల చేతుల్లోంచి పోయింది. కూలీలు కావాలి, వాళ్లను ఆఫ్రికా నుంచి తెచ్చారు.

పొగాకు మంచిదని నేను అనబోవడం లేదు. మా పెదనాన్న దగ్గు ఇంకా చెవుల్లో ఉంది. కానీ ఒక మాట చెప్పి తీరాలి. మన బ్యారన్లలో ఆకు బంగారు రంగు తిరిగే పద్ధతికి మూలంగా అక్కడ ఒక కథ చెబుతారు. 1839లో, నార్త్ కరోలినాలో స్లేడ్ అనేవాళ్ల పొలంలో స్టీఫెన్ అనే బానిస కుర్రాడు రాత్రి కొట్టం దగ్గర మంట కాస్తూ నిద్రపోయాడు. లేచేసరికి మంట ఆరిపోతోంది. భయపడి, కమ్మరి కొలిమి బొగ్గులు తెచ్చి గుమ్మరించాడు. వేడి ఒక్కసారిగా ఎగదన్ని ఆకు పసుప్పచ్చగా తిరిగింది. డబ్బు యజమానికి వచ్చింది. క్యూరింగ్ రాత్రుళ్లు మా నాన్న కూడా కునుకు తీస్తూ ఉలిక్కిపడి లేచి మంట చూసుకునేవారు.

బానిసల సంగతి ఆరో తరగతి పిల్లలకు చెప్పాలా అని మీ డెస్క్‌లో ఎవరైనా అనుకుని ఉండొచ్చు. నాకూ అదే టెన్షన్. ఒక సాయంత్రం మనవరాలు స్కూలు నుంచి ఒక కాగితం తెచ్చింది. వర్జీనియా గెజిట్ అనే పత్రికలో 1769 సెప్టెంబర్‌లో పడ్డ ప్రకటన నకలు. శాండీ అనే బానిస పారిపోయాడు. వయసు 35 దాకా ఉంటుంది. చెప్పులు కుట్టే పని తెలుసు, ఎడమచేతి వాటం. వెళ్తూ ఒక తెల్ల గుర్రాన్ని, చెప్పుల సామాన్లను పట్టుకుపోయాడు. ఈ జిల్లాలో పట్టిస్తే 40 షిల్లింగులు, జిల్లా బయటైతే 4 పౌండ్లు, వేరే కాలనీలోనైతే 10 పౌండ్లు. కింద పేరు: థామస్ జెఫర్సన్.

పిల్లలు చేయాల్సిన పని ఏమిటంటే, ఆ ప్రకటన చదివి శాండీ గురించి తమకు ఏం తెలిసిందో రాయాలి. టీచరమ్మ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదట. మనవరాలు రాసింది: "అతనికి పని వచ్చు. ఎడమచేత్తో కుడతాడు. దూరం పోవాలని ముందే అనుకున్నాడు, అందుకే గుర్రం. ఎక్కడైనా బతకగలననుకున్నాడు, అందుకే సామాన్లు." ఆ తర్వాత కాసేపు ఆగి, "అమ్మమ్మా, ఈ జెఫర్సన్ ఆ జెఫర్సనేనా?" అంది. ఆయనే. ఏడేళ్ల తర్వాత, మనుషులంతా సమానంగా పుట్టారని స్వాతంత్ర్య ప్రకటనలో రాసినాయనే. బతికినన్నాళ్లలో ఆరొందల మందికి పైగా ఆయన కింద బానిసలుగా ఉన్నారు. పిల్ల ఏడవలేదు, జడుసుకోలేదు. రెండూ ఒకే మనిషి ఎలా రాశాడని నన్నడిగింది. 31 ఏళ్ల సర్వీసులో నన్ను ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. అడిగేలా నేను చెప్పలేదు మరి.

ఆ ప్రకటనలు వారం వారం అచ్చువేసి డబ్బు తీసుకున్నదీ పత్రికలే. మీరు పత్రికవాళ్లు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

1619 అన్న ఏడాది ఒక్కటి చెప్పినా సరిపోతుంది. ఆ జూలై 30న జేమ్స్‌టౌన్ చర్చిలో జనం ఎన్నుకున్న ప్రతినిధుల సభ మొదటిసారి కూర్చుంది. ఆగస్టు చివర్లో దగ్గర్లోని పాయింట్ కంఫర్ట్‌లో ఒక ఓడ ఆగింది. ఇరవై చిల్లర మంది ఆఫ్రికన్లను దింపి, వాళ్లకు బదులు తిండిసామాను ఎక్కించుకుంది. రెంటికీ మధ్య ఇంచుమించు నెల రోజులే.

వచ్చినవాళ్లు వట్టి చేతులతో రాలేదు. బాంజో అనే వాయిద్యం పశ్చిమ ఆఫ్రికా సొరబుర్ర వీణల నుంచి పుట్టింది. 1721లో బోస్టన్‌లో మశూచి ప్రబలినప్పుడు పనికొచ్చిన పద్ధతి, అంటే చర్మం గీసి మశూచి పుండు రసం ఎక్కించడం, మా దేశంలో ఉందని అంతకుముందే చెప్పింది ఒనెసిమస్ అనే బానిస. బెండకాయను వాళ్ల మాటైన ఓక్రా అనే పేరుతో, అలసందల్ని నల్లకన్ను బఠాణీలనే పేరుతో అమెరికా తింటోంది. జనవరి ఒకటిన పక్కింటి నల్లావిడ ఒక గిన్నె పంపింది. అలసందలు, అన్నం కలిపి వండిన కూర. ఏడాది మొదటి రోజున తింటే మంచిదట. కాస్త కారం తగ్గింది కానీ మా అమ్మ చేసే అలసందల కూడు రుచి తెలిసింది. తిరిగి ఆవిడ గిన్నెలో గుంటూరు కారంతో చేసిన కొరివికారం పెట్టి పంపాను. ఆ మిరప కూడా అమెరికా ఖండాల నుంచే మనకు వచ్చిందని, అన్నమయ్య నాటికి మన వంటింట్లో అది లేదని మనవరాలికి చెబితే నమ్మలేదు. "మరి అప్పుడు పచ్చడి ఎలా చేసేవాళ్లు?" మిరియాలు వేసి చేసేవారే తల్లీ, అని నచ్చజెప్పడానికి అరగంట పట్టింది.

టీ పెట్టెల కథ మీరు సరిగ్గానే వేశారు. 1773 డిసెంబర్ 16, మొత్తం 342 పెట్టెలు. ఆ టీ ఎవరిదో మాత్రం రాయలేదు. మన నెత్తినెక్కిన ఈస్టిండియా కంపెనీదే. చైనా నుంచి తెచ్చిన సరుకు. ఆ కంపెనీ మన మచిలీపట్నంలో దిగింది 1611లో, జేమ్స్‌టౌన్ వెలసిన నాలుగేళ్లకు. ఆ ఏడాది ఆ కంపెనీకీ, జేమ్స్‌టౌన్‌ను నడిపిన వర్జీనియా కంపెనీకీ పెద్ద ఒకడే, సర్ థామస్ స్మైత్. యార్క్‌టౌన్‌లో 1781 అక్టోబర్‌లో అమెరికన్లకు లొంగిపోయినవాడు బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్. ఒంట్లో బాగాలేదని చెప్పి, కత్తి అప్పగించడానికి కిందివాణ్ని పంపాడు. "ఈయనే ఐదేళ్లకు మాకు గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఈయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే 1802 నుంచి మన సర్కారు జిల్లాల్లో జమీందారీలకు దారి తీసింది" అన్నాను. మనవరాలు నా వైపు వింతగా చూసింది. "ఓడిపోతే ప్రమోషన్ ఇచ్చారా?" మా అల్లుడు పడీ పడీ నవ్వాడు, వాళ్ల కంపెనీలో ఎవరో గుర్తొచ్చి ఉంటారు.

మీ వ్యాసంలో నన్ను అన్నిటికన్నా గుచ్చుకున్నది "బతికేవారు" అన్న మాట. అక్కడి తెగలన్నీ అంతరించినట్టు రాశారు. థ్యాంక్స్‌గివింగ్ ముందు రోజు టీవీలో చూశాను. రిచ్‌మండ్‌లో గవర్నర్ ఇంటి ముందు పౌహాటన్లలోని పమంకీ, మట్టపొనాయ్ తెగలవాళ్లు జింకను తెచ్చి పెట్టారు. 1677లో రాసుకున్న ఒడంబడిక ప్రకారం కప్పం కింద ఏటా అలా ఇస్తున్నారు. గవర్నర్లు మారారు, రాజులు పోయారు, దేశమే మారింది, వాళ్లు మాట తప్పలేదు. అవతలివాళ్లు ఎన్ని మాటలు నిలబెట్టుకున్నారన్నది వేరే కథ. పమంకీలను ఒక తెగగా అమెరికా కేంద్ర ప్రభుత్వం గుర్తించింది 2015లో. నాలుగు వందల ఏళ్లు గుమ్మంలోనే ఉన్న మనిషిని గుర్తుపట్టడానికి అంత టైం పట్టింది.

కాబట్టి నా మనవి. సవరణ వేస్తే "బతికేవారు" తీసి "ఉన్నారు" అని వేయండి. రెడ్ ఇండియన్లు అన్న మాట మానేసి తెగ పేరు రాయండి, పిల్లలకు నోరు తిరగదని భయపడకండి, క్రికెటర్ల పేర్లు పలకడం లేదూ? వచ్చే వారాల్లో చోటిస్తే టిస్క్వాంటమ్ మీద ఒక పేజీ, శాండీ ప్రకటన మీద ఒక పేజీ నేనే రాసి పంపుతాను. పారితోషికం అక్కర్లేదు, పోస్టు ఖర్చులు కూడా నావే. ఈ ఉత్తరం పెద్దదైంది, కోసుకోండి, కానీ రోలు ముక్క కోయకండి.

బొమ్మ మళ్లీ వేయించేటట్టయితే ఆ ఈకల నాయకుణ్ని తీసేసి, మొక్కజొన్న దంచుతున్న ఆడమనిషిని వేయించండి. కర్ర రోలు ఎలా ఉంటుందో మీ ఆర్టిస్టుగారికి తెలియకపోతే మా అత్తగారిది పశువుల కొట్టం వెనక ఇంకా ఉంది. ఫొటో తీసి పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా